నేర్పరి యేల నష్టపడును? – ఆన్‌లైన్ పేకాట గణితము

భారతములోని నలోపాఖ్యానము నెరుగని తెలుగువారు అరుదు. నలుడు పుష్కరునితో జూదమాడి రాజ్యము కోల్పోయెను. బాహుకుడను పేర ఋతుపర్ణునికి సారథియై పోవుచుండగా, దారిలో నొక తానిచెట్టును చూచి ఋతుపర్ణుడు దాని ఆకులును కాయలును ఇన్ని యని చెప్పెను. నలుడు రథము నాపి లెక్కించి చూడగా లెక్క సరిపోయెను. కొమ్మలను చూచి చెట్టు నంతటిని అంచనా కట్టిన ఈ సంగతిని నేటి గణాంకశాస్త్ర చరిత్రకారులు కూడ నమూనా పద్ధతికి ప్రాచీనోదాహరణముగా ప్రస్తావించుచుందురు. ఆ అక్షహృదయ విద్యను నేర్చి, నలుడు పుష్కరుని మరల జూదమునకు పిలిచి గెలిచెను.

విద్య గలవాడు గెలుచునని ఈ కథవలన మనము గ్రహింతుము. కాని ఇందు మనము సాధారణముగా గమనింపని విషయ మొకటి కలదు. ఆ నడిమి కాలములో పుష్కరు డేమియు నేర్చుకొనలేదు. అతడు కూడ ఋతుపర్ణుని ఆశ్రయించి అదే విద్యను అభ్యసించి యుండినచో రెండవ జూదము ఏమై యుండెడిది? ఇరువురి విద్యయు సమానమైనపుడు గెలుపు మరల పాచికల చేతిలోనిదే యగును. పైగా జూదశాల యజమాని యొకడు ప్రతి పందెములోను పదవవంతు తీసికొనుచుండినచో, కొంతకాలమునకు ఇరువురును బీదలగుదురు.

ఈ ప్రశ్న నాకు పురాణ మూలమున తట్టినది కాదు. విజయవాడలో గణితము బోధించు నా మిత్రుడొకడు 2020వ సంవత్సరమునకు పూర్వము సెల్‌ఫోనులో పందెపు రమ్మీ ఆడెడివాడు. ముక్క పడిన వెంటనే దానిని మనసులో నుంచుకొనుటలో అతనికి మంచి పేరు. పెండ్లిండ్లలో అతనితో పేకకు కూర్చుండుటకు బంధువులు జంకెడివారు. లెక్కల మాస్టరు కాబట్టి ప్రతి ఆటను ఒక నోటుపుస్తకములో వ్రాసికొనెను. ఒకనాడు ఆ పుస్తకమును నా ముందుంచి, "నాలుగు వందల ఆటలు ఆడితిని. గెలిచినవి 219, ఓడినవి 181. అయినను ఎనిమిదివేల పైచిలుకు పోయినది. అది పిల్లవాని ఇంటర్ ఫీజుకు దాచిన సొమ్ము. ఎక్కడ తప్పినదో చెప్పుము" అని అడిగెను. లెక్క తప్పలేదు. ఈ వ్యాసము అతని పుస్తకమునకు వ్యాఖ్యానమని యనుకొనవచ్చును.

ముందుగా ఆట స్వరూపము. మన ప్రాంతమున వాడుకలో నున్నది పదమూడు ముక్కల రమ్మీ. ప్రపంచమున ఎక్కువగా పందెములకు ఆడునది పోకరు. పోకరులో నేడు మిక్కిలి ప్రచారములో నున్న పద్ధతి ప్రకారము ఒక్కొక్కనికి రెండు మూతముక్కలు పంచి, బల్లపై అందరికిని ఉమ్మడిగా అయిదు ముక్కలు క్రమముగా తెరతురు. నడుమ పందెము పెంచుటయు, మానుకొనుటయు, చేతిలో ఏమియు లేకపోయినను ఉన్నట్లు నటించుటయు ఉండును. రెండు మూతముక్కలు 1326 విధములుగా పడవచ్చును. ఎట్టి ముక్కలు పడునో అదృష్టము, వానితో ఏమి చేయవలెనో నేర్పు. రమ్మీయు ఇట్టిదే.

రమ్మీలో నేర్పు కలదని మన సర్వోన్నత న్యాయస్థానమే చెప్పినది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యములో, పడిన ముక్కలను జ్ఞాపక ముంచుకొనుటకును, ఏది ఉంచుకొనవలెను ఏది పారవేయవలెనని నిర్ణయించుటకును నైపుణ్యము కావలెను గనుక, రమ్మీ ప్రధానముగా నైపుణ్యపు ఆటయే యని 1967లో తీర్పు వచ్చినది. ఈ మాటను పేకాటరాయుళ్ళందరు ఉదహరింతురు. అదే తీర్పులో, ఆట నడుపు ఇంటి యజమానియో క్లబ్బుయో పందెపు ఆటనుండి లాభము తీయుచున్నట్లు రుజువున్నచో నేరము కావచ్చునని కూడ ఉన్నది. ఈ రెండవ మాటను ఉదహరించువారు తక్కువ. గణితశాస్త్రము దృష్టిలో మాత్రము రెండవ మాటయే ముఖ్యము.

ఎందువలన? ఇరువురు కూర్చుండు బల్లను తీసికొందము. ఒక్కొక్కరు నూరు రూపాయలు పెట్టిరి. బల్లసొమ్ము 200. నడుపువాడు నూటికి పదివంతున 20 రూపాయలు తీసికొనును. గెలిచినవానికి 180 వచ్చును. అనగా గెలిచిన 80 లాభము, ఓడిన 100 నష్టము. ఇట్టి బల్లపై లాభనష్టములు లేకుండ నిలుచుటకే నూరు ఆటలలో సుమారు 55.6 ఆటలు గెలువవలెను. ఎదుటివానికంటె నేర్పరియై నూటికి 54 గెలుచువాడు సైతము సగటున ఆటకు 2 రూపాయల 80 పైసలు పోగొట్టుకొనును. అతడు నిజముగా ఎదుటివానికంటె మెరుగైనవాడే, అయినను నష్టపడువాడే. ఈ రెండు మాటలును ఏకకాలమున సత్యము లగుట చాలమందికి మింగుడుపడదు.

ఇప్పుడు ఆట కొంచెము కఠినమైనచో ఏమగునో చూతము. నూటికి 60 గెలుచు నేర్పరికి ఆటకు సగటున 8 రూపాయల లాభము. ఎదుటివారు కొంత నేర్చుకొనినందున అతని గెలుపులు 60 నుండి 57కు తగ్గినవనుకొందము. తగ్గినది మూడే ఆటలు. అతడు గమనింపనైన గమనింపడు. కాని లాభము 8 రూపాయలనుండి 2 రూపాయల 60 పైసలకు, అనగా మూడవ వంతునకు పడిపోయినది. ఇంకను రెండు ఆటలు తగ్గి 55 అయినచో ఆటకు ఒక రూపాయి నష్టము. లాభము నేర్పునకు అనులోమానుపాతములో నుండదు. నేర్పులో కమీషను తీసికొనిపోగా మిగిలిన పలుచని పొరయే లాభము. కావున నేర్పులోని చిన్న మార్పు లాభములో పెద్ద మార్పగును.

మన మిత్రుని పుస్తకము విప్పుదము. మొదటి నూరు ఆటలు నూరు రూపాయల బల్లపై ఆడి 57 గెలిచెను. లాభము 260 రూపాయలు. ధైర్యము కలిగి వేయి రూపాయల బల్లకు మారి 300 ఆటలలో 162 గెలిచెను. నూటికి 54 వంతున గెలిచినట్లు. నష్టము 8400. మొత్తముమీద 8140 రూపాయలు పోయినవి. "ఎవరో గట్టివాళ్ళు నా సొమ్ము తినివేసిరి" అని అతని నమ్మకము.

సరిగా లెక్కించినచో చిత్రమైన సంగతి బయటపడును. ఈ 400 ఆటలలో బల్లల మీదినుండి కమీషనుగా పోయినది 62,000 రూపాయలు. మిత్రుని నష్టము 8,140. మిగిలిన 53,860 నష్టపడినవారెవరు? అతని ప్రత్యర్థులే! అతని సొమ్ము వారు తినలేదు, అందరు కలిసి అతనికంటె ఎక్కువ పోగొట్టుకొనిరి. కమీషను లేకుండ ఇంటి అరుగుమీద ఇవే ఆటలు ఆడియుండినచో అతనికి 25,400 రూపాయలు మిగిలియుండెడివి. ఈ సంఖ్యలను సుద్దతో బల్లపై వ్రాసి చూపినపుడు అతడు చాలసేపు మాటలాడలేదు. పిదప, "అయితే మొదటి బల్లమీదనే ఉండిపోవలసినది" అనెను. ఇక్కడనే రెండవ చిక్కు వచ్చును.

మొదటి బల్లపై అతడు నిజముగా లాభపడు ఆటగాడా? నూరు ఆటలలో 57 గెలుచుట దానికి చాలిన రుజువా? కాదు. నూటికి 54 గెలుచు సామర్థ్యము గలవాడు, అనగా తుదకు నష్టపడువాడు, నూరు ఆటలు ఆడినచో గెలుపుల సంఖ్య 54 చుట్టును ఇటు అటు ఊగుచుండును. ఈ ఊగుటకు కొలత ప్రమాణ విచలనము. ఇక్కడ అది సుమారు 5. అందుచేత 49 గెలిచినను 59 గెలిచినను ఆశ్చర్యపడ నక్కరలేదు. అట్టివారు నూరుగురు ఒక్కొక్కరు నూరేసి ఆటలు ఆడినచో, వారిలో సుమారు 38 మంది లాభముతో లేతురు! వేయి ఆటలైన పిదప గూడ సుమారు 16 మంది లాభములోనే యుందురు. ఆ పదునారుగురు తమ నేర్పును గూర్చి ఇరుగుపొరుగు వారికి చెప్పుదురు. మిగిలిన ఎనుబది నలుగురిలో ఎక్కువమంది నోరు మెదపరు. వీథిలో వినబడు కథలన్నియు లాభముల కథలే యగుటకు ఇదియొక కారణము.

దీనికి ఎదురు సంగతియు కలదు. నూటికి 58 గెలుచు నిజమైన నేర్పరులు నూరుగురిలో సుమారు 31 మంది మొదటి నూరు ఆటల పిదప నష్టములోనే యుందురు. అట్టివాడు పదిపందెముల సొమ్ముతో, అనగా నూరు రూపాయల బల్లపై వేయి రూపాయలతో ఆరంభించినచో, నేర్పుండియు చేతిసొమ్మంతయు పోగొట్టుకొని లేచిపోవు సంభావ్యత దాదాపు మూడింట ఒక వంతు. నలుబది పందెముల సొమ్మున్నచో అది నూటికి ఒకటి ప్రాంతమునకు తగ్గును. 'జూదరి సర్వనాశము' అని గణితజ్ఞులు పిలుచు ఈ సమస్యను హైగెన్స్ 1657లో ప్రచురించిన తన సంభావ్యతా గ్రంథము చివర ఇచ్చియున్నాడు.

ఒకని గెలుపు నిష్పత్తి 58 యా, లేక లాభనష్టములు లేని 55.6 యా యని కొంత నమ్మకముతో తేల్చుటకు ఎన్ని ఆటలు కావలెను? సుమారు 1600. ఇంతకంటె తెలివైన పద్ధతి ఏదైనను కనిపెట్టి తక్కువ ఆటలతో అంతే ఖచ్చితముగా తేల్చుటకు వీలున్నదా? లేదు. దత్తాంశముల నుండి చేయు అంచనా ఎంతవరకు ఖచ్చితము కాగలదో దానికొక హద్దున్నదని 1945లో నిరూపించినవారు మన సి. ఆర్. రావుగారు. నూజివీడు, నందిగామ బడులలో కొంతకాలము చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమును, కలకత్తాలో గణాంకశాస్త్రమును అభ్యసించి లోకప్రసిద్ధులైన ఆయన 2023లో కీర్తిశేషులైరి. గెలుపు ఓటముల లెక్కలో, గెలిచిన ఆటలను మొత్తము ఆటలతో భాగించు సామాన్య పద్ధతియే ఆ హద్దును చేరుచున్నది. అంతకుమించి తెలిసికొనుటకు ఆడుచు పోవుట తప్ప మార్గము లేదు.

మిత్రుని 57కును 54కును భేదము మూడే. ఇంత తక్కువ ఆటలలో ఆరు వరకు భేదము ఊరకనే కలుగుచుండును. కావున రెండవ బల్ల నిజముగా కఠినమైనదో, లేక రెండు బల్లలును ఒక్కటేనో ఆ పుస్తకము చెప్పజాలదు. పోనీ, 1600 ఆటలు ఆడి తేల్చుకొందమనినను మరియొక అడ్డంకి కలదు. అన్ని ఆటలు ముగియునప్పటికి ఎదుట కూర్చుండువారు మారిపోయి యుందురు. మనము కొలువబూనిన వస్తువు కొలుచుచుండగనే మారిపోవుచున్నది.

మారిపోవుట ఎప్పుడును ఒకే దిక్కుగా ఉండును. డెల్టా రైతులకు ఇది సులభముగా బోధపడును. ప్రకాశము బ్యారేజి వద్ద కాలువకు వదలిన నీరు పై పొలములను తడుపుచు, దారిలో కొంత ఇంకిపోవుచు, నాగాయలంక, కృత్తివెన్ను వంటి శివారు భూములకు చేరుసరికి సన్నగిల్లును. నీరు తగ్గిన సంవత్సరము మొదట ఎండునది శివారు పొలమే. ఆ రైతు సాగు మానుకొనెననుకొనుడు. అప్పుడు అతని పైవాడు శివారు రైతగును. పేకబల్లపైనను ఇంతే. అందరికంటె బలహీనుడు సొమ్మయిపోయి లేచిపోవును. నిన్నటివరకు వాని మూలమున బ్రదికిన రెండవ బలహీనుడు నేడు చివరివాడగును. అతని నేర్పు ఏమాత్రము తగ్గలేదు. అయినను లాభము నష్టముగా మారినది. కాలువలో ఇంకిపోవు నీటివలె కమీషను మాత్రము ఆగదు. క్రొత్త ఆటగాండ్రు పైనుండి నీరువలె వచ్చుచున్నంతకాలమే అందరును చల్లగా నుందురు.

పోకరు చరిత్ర దీనికి పెద్ద ఉదాహరణము. 2003లో అమెరికాలోని లాస్ వేగాస్‌లో జరిగిన ప్రపంచ పోకరు పోటీలో క్రిస్ మనీమేకర్ అను గుమాస్తా గెలిచెను. ఆయన లెక్కలు చూచుకొను ఉద్యోగి. నూరు డాలర్లకు లోపు రుసుముతో ఆన్‌లైన్‌లో ఆడి ఆ పోటీకి అర్హత సంపాదించి, 25 లక్షల డాలర్లు గెలుచుకొనెను. ఆయన ఇంటిపేరే 'సొమ్ము చేయువాడు' అని అర్థమిచ్చుట కాకతాళీయము. ఆ వార్త విని ప్రపంచమంతట సామాన్యులు కంప్యూటర్ల ముందు కూర్చుండిరి. 2003లో 839 మంది పాల్గొనిన ఆ పోటీలో 2006 నాటికి 8,773 మంది పాల్గొనిరి. కాలువకు వరద వచ్చినట్లయినది. 2006లో అమెరికా ఈ ఆటల చెల్లింపులను అరికట్టు శాసనము చేసెను. 2011 ఏప్రిల్ 15న అక్కడి ప్రభుత్వము మూడు పెద్ద సంస్థల మీద అభియోగములు మోపి వాని ద్వారములు మూయించెను. సరదాగా వచ్చెడి క్రొత్తవారు తగ్గిరి. మిగిలినవారు గ్రంథములు చదివి, తమ వేల ఆటలను కంప్యూటరులో నిలువచేసి పరిశోధించువారు.

పిదప కంప్యూటరే ఆటగాడైనది. ఇద్దరాడు ఆటలో, ఒకని లాభము రెండవవాని నష్టమైనచో, ఎదుటివాడేమి చేసినను సగటున నష్టపడని వ్యూహ ముండునని ఫాన్ నాయ్‌మన్ 1928లో నిరూపించెను. చేతిలో ముక్కలు లేకున్నను అప్పుడప్పుడు పందెము పెంచుట మోసము కాదు, ఆ వ్యూహములో లెక్కప్రకారము చేయవలసిన భాగమేనని 1944లో మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి వ్రాసిన గ్రంథమున చూపెను. ఆ వ్యూహమును పోకరు వంటి పెద్ద ఆటలో కనుగొనుటకు ఏడు దశాబ్దములు పట్టినది. పందెములకు పరిమితి గల ఇద్దరి పోకరును దాదాపు సంపూర్ణముగా సాధించితిమని కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు 2015లో ప్రకటించిరి. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్ నగరమున లిబ్రాటస్ అను ప్రోగ్రాము నలుగురు వృత్తి ఆటగాండ్రతో 1,20,000 ఆటలాడి నిస్సందేహముగా గెలిచెను. అదృష్టపు పాలు తగ్గించుటకై ఒకచోట మనిషికి వచ్చిన ముక్కలనే వేరొకచోట యంత్రమునకును, యంత్రమునకు వచ్చినవి మనిషికిని ఇచ్చిరి. 2019లో ప్లూరిబస్ అను ప్రోగ్రాము ఆరుగురు కూర్చుండు బల్లపైనను వృత్తి ఆటగాండ్రను మించినది.

ఇక ఈ పరిపూర్ణ వ్యూహము తెలిసిన ఇరువురు ఒక బల్లకు చేరినచో? ఒకడు మరియొకని ఓడింపలేడు. సగటున ఇరువురికిని సున్న. కమీషను తీసివేయగా ఇరువురికిని నష్టమే. పుష్కరుడు కూడ అక్షహృదయము నేర్చిన కథ ఇదియే.

ఆట కఠినమైన కాలములో వృత్తి ఆటగాండ్రు ఏమి చేయుదురని విద్యార్థులు అడుగవచ్చును. వారు తమ నేర్పుకంటె బల్లను ఎన్నుకొనుటకు ఎక్కువ శ్రద్ధ తీసికొందురు. తమకంటె మెరుగైన అయిదుగురి నడుమ కూర్చుండినవాడు ఊరిలో ఆరవ ఘనుడైనను ఆ బల్లపై బలహీనుడే గదా. కమీషను తక్కువ యున్నచోటును, అందులో కొంత తిరిగి ఇచ్చుచోటును వెదకుదురు. నలుబది యేమి, వందల పందెముల సొమ్మును ప్రక్కన పెట్టుకొందురు. అనగా వారి వృత్తిలో ముఖ్యభాగము తమకంటె తక్కువ తెలిసినవానిని వెదకి పట్టుకొనుట. నా మట్టుకు ఇది నైపుణ్యమనుటకు మనసొప్పదు, కాని గణితము దీనిని నైపుణ్యముతోనే జమకట్టుచున్నది.

మనదేశమున ఆ పలుచని పొర మరింత పలుచనైనది. 2023 అక్టోబరు 1 నుండి పందెపు ఆన్‌లైన్ ఆటలకు జమచేయు సొమ్ముపై నూటికి 28 వంతుల వస్తు సేవల పన్ను వచ్చినది. ప్రతి ఆటకు కాక జమకు మాత్రమే యైనను, మన లెక్కలోని ఆటకు 8 రూపాయల లాభము గల నేర్పరి నూరు రూపాయల జమకు 28 రూపాయలు చెల్లించినచో, దానిని రాబట్టుటకు సగటున మూడు నాలుగు ఆటలు ఆడవలెను. 57 గెలుచువాడు పదునొకండు ఆటలు ఆడవలెను. 55 గెలుచువాడు ఎన్నటికిని రాబట్టలేడు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే 1974 నాటి జూద నిరోధక శాసనమును సవరించి ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించిరి. తెలంగాణలో అంతకుముందే 2017లో నిషేధము వచ్చినది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన శాసనము ఆట నైపుణ్యమునదా అదృష్టమునదా యను భేదమును విడిచి, సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆట లన్నిటిని నిషేధించినది. దానికి ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదము లభించినది. సొమ్ము లేకుండ ఆడు ఆటలకు అడ్డు లేదు. నా మిత్రుడు 2020లోనే మానెను. నోటుపుస్తకము మాత్రము పదవ తరగతి పిల్లలకు సంభావ్యత చెప్పునపుడు ఉపయోగించుచున్నాడు. పేరు చెప్పడు, "ఒక మాస్టారి లెక్క" అనును.

ఉపాధ్యాయులు దీనిని పైస ఖర్చు లేకుండ తరగతిలో చేసి చూపవచ్చును. యాబది చింతపిక్కలలో ఇరువది యేడింటికి సున్నపు చుక్క పెట్టి, చుక్క ఆరిన పిదప గుడ్డసంచిలో వేసి మూతి కట్టవలెను. నలుగురు పిల్లలకొక సంచి చాలును. ఎన్నింటికి చుక్క యున్నదో పిల్లలకు చెప్పరాదు. ఒక్కొక్కరు చూడకుండ ఒక పిక్క తీసి, చుక్క యున్నచో 80 కలిపి, లేనిచో 100 తీసివేసి, పిక్కను మరల సంచిలో వేసి కలుపవలెను. ఇట్లు నూరుసార్లు. రెండు పీరియడ్లు పట్టవచ్చును. నలుబది మంది యున్న తరగతిలో ఇంచుమించు పదునైదుగురు లాభముతో ముగింతురు. వారిని ముందు వరుసకు పిలిచి, తాము ఎట్లు గెలిచితిమో, ఏ చేతితో తీసితిమో, ఎట్లు కలిపితిమో తలా నాలుగు పంక్తులు వ్రాయుమనవలెను. పిల్లలు ఉత్సాహముగా వ్రాయుదురు. వ్రాసినవన్నియు తరగతిలో చదివించిన తరువాతనే సంచి మూతి విప్పి పిక్కలను లెక్కింపజేయవలెను.